ఎపాక్సీ గ్లాస్ షీట్‌కి బ్రేక్‌డౌన్ టెస్ట్: నమూనా కోత నుంచి రిపోర్టు దాకా

ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్, మోటార్లు తయారయ్యే చోటికి ఎపాక్సీ గ్లాస్ షీట్ రాగానే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని కేవీకి (కిలోవోల్టులకి) పోతుంది, అంటే ఎంత వోల్టేజ్ దగ్గర షీట్‌కి రంధ్రం పడి కరెంటు దూసుకుపోతుంది? దాన్నే బ్రేక్‌డౌన్ అంటారు. సప్లయర్ డేటాషీట్‌లో ఒక అంకె ఉంటుంది. మన ల్యాబ్‌లో ఇంకో అంకె వస్తుంది. కస్టమర్ బయటి ల్యాబ్‌లో చేయిస్తే మూడో అంకె వస్తుంది. ముగ్గురూ సరిగ్గానే చేసి ఉండొచ్చు. గాజు గుడ్డ పొరలకు రెసిన్ పట్టించి, వేడి మీద అదిమి చేసిన షీట్‌లో బ్రేక్‌డౌన్ ఎక్కడో ఒక బలహీనమైన చోట మొదలవుతుంది. ఆ చోటు ఏ వోల్టేజ్‌కి లొంగుతుందన్నది షీట్ మందం, ఎలక్ట్రోడ్ ఆకారం, చుట్టూ ఉన్న నూనె, వోల్టేజ్ పెంచిన వేగం, లోపలి తేమ, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. అందుకే రిపోర్టులో కేవీ ఒక్కటే రాసి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ పరిస్థితిలో ఎంత వచ్చింది, రంధ్రం ఎక్కడ పడింది అన్నవి ఆ కేవీ పక్కనే ఉండాలి.

ఇక్కడ ఉదాహరణగా 3 మి.మీ. మందం ఎఫ్‌ఆర్4 రకం షీట్‌ని తీసుకుంటున్నాను. అంతర్జాతీయ విద్యుత్ స్టాండర్డ్ ఐఈసీ 60893లో దీని పేరు ఈపీజీసీ 202. హైలం (ఫినోలిక్ రెసిన్) షీట్‌కీ, పాలిస్టర్ గ్లాస్ షీట్‌కీ పద్ధతి ఇదే, అంకెలు మారతాయి. ఇన్సులేటర్లలో వాడే ఫైబర్‌గ్లాస్ రాడ్‌కి టెస్టులు వేరు. వాటి సంగతి చివర్లో చెబుతాను.

ఏ స్టాండర్డ్ ప్రకారం

పవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర, అంటే మన 50 హెర్ట్జ్ కరెంటుతో చేసే టెస్టుకి ఐఈసీ 60243-1 ఉంది. డీసీకి 60243-2, ఇంపల్స్‌కి 60243-3. అమెరికా కస్టమర్లయితే ఏఎస్‌టీఎం డి149 అడుగుతారు. రెండూ ఒకే కుటుంబానివే గానీ కొలతలు ఒకటి కావు. ఐఈసీ ప్రకారం షీట్‌కి ఎక్కువగా వాడే జతలో పైన 25 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. ఎత్తున్న సిలిండర్, కింద 75 మి.మీ. వ్యాసం, 15 మి.మీ. మందమున్న బిళ్ళ ఉంటాయి. రెండిటి అంచులూ 3 మి.మీ. రేడియస్‌తో గుండ్రంగా ఉండాలి. డి149లో టైప్ 1 ఎలక్ట్రోడ్లు రెండూ 51 మి.మీ. వ్యాసం, అంచు రేడియస్ 6.4 మి.మీ. ఎలక్ట్రోడ్ పెద్దదైతే దాని కింద ఎక్కువ వైశాల్యం పడుతుంది, బలహీనమైన చోటు దొరికే అవకాశం పెరుగుతుంది, సగటు కాస్త దిగుతుంది. కాబట్టి ఒక స్టాండర్డ్‌లో వచ్చిన అంకెను ఇంకోదానితో పోల్చి సప్లయర్‌తో గొడవకు దిగొద్దు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే స్టాండర్డ్, ఎలక్ట్రోడ్, ఉష్ణోగ్రత రాసుకుంటే సగం తగాదాలు ఉండవు.

ముందు భద్రత

100 కేవీ, 5 కేవీఏ టెస్ట్ సెట్ అంటే రేటెడ్ కరెంటు 50 మిల్లీఆంపియర్లు. చూడ్డానికి చిన్న అంకె, మనిషి ప్రాణం తీయడానికి మాత్రం చాలినంత. టెస్ట్ జరిగేది ఎర్త్ చేసిన బోను లోపల. బోను తలుపుకు ఇంటర్‌లాక్ ఉండాలి, తలుపు తీస్తే సప్లై దానంతటదే పోవాలి. ఆ ఇంటర్‌లాక్ పనిచేస్తోందో లేదో రోజూ మొదటి షాట్‌కి (ఒక ముక్క మీద వోల్టేజ్ పెంచి చూసే ఒక్క టెస్టుకి) ముందు తక్కువ వోల్టేజ్‌లో తలుపు తీసి చూడాలి. పని తొందరలో ఇంటర్‌లాక్ స్విచ్‌కి వైరు ముక్క కట్టి బైపాస్ చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలాంటి ల్యాబ్‌లో పని చేయనని చెప్పేయండి, మొహమాటం అక్కర్లేదు.

షాట్ అయి ట్రిప్ పడగానే చాలామంది తలుపు తీసి నేరుగా చెయ్యి పెడతారు. ముందు డయల్ సున్నాకి వచ్చిందా చూడాలి. తర్వాత ఎర్త్ రాడ్‌తో హెచ్‌వీ (హై వోల్టేజ్) టెర్మినల్‌ని తాకించి, ఆ రాడ్‌ని అక్కడే తగిలించి ఉంచాలి. ఆ తర్వాతే చెయ్యి. డీసీ టెస్టులో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే సప్లై పోయినా కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది. ఒంటరిగా ఎప్పుడూ చేయకూడదు. రెండో మనిషి ఎమర్జెన్సీ స్విచ్ దగ్గర ఉండాలి. నూనె తొట్టి పక్కన కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టండి. నీళ్ళ బకెట్ అక్కడ అపాయమే.

నమూనా కోత, కడగడం, ఆరబెట్టడం

నిజానికి టెస్ట్ పాడయ్యేది ఎక్కువసార్లు ఇక్కడే. మిషన్ దగ్గర ఎంత జాగ్రత్తపడినా కోత దగ్గర జరిగిన తప్పు సరికాదు.

3 మి.మీ. షీట్‌ని 150 మి.మీ. చదరపు ముక్కలుగా కోయండి. 100 మి.మీ. ముక్కలతో చేసేవాళ్ళూ ఉన్నారు. లెక్క చూడండి: 100 మి.మీ. ముక్క మీద పై ఎలక్ట్రోడ్ అంచు నుంచి షీట్ అంచుకు 37.5 మి.మీ., మందం 3 మి.మీ., కింది వైపు బిళ్ళ దాకా 12.5 మి.మీ. మొత్తం దారి 53 మి.మీ. 150 మి.మీ. ముక్కకు అది 103 మి.మీ. అవుతుంది. 50 కేవీ చుట్టుపక్కల పోయే షీట్‌కి ఆ అదనపు దారి ఉంటే ఫ్లాష్‌ఓవర్ భయం, అంటే కరెంటు షీట్ గుండా కాకుండా ఉపరితలం మీదుగా అంచు చుట్టి దూకుతుందన్న భయం, ఉండదు. ఒక్కో షరతుకి కనీసం 10 ముక్కలు కోసి పెట్టుకోండి. టెస్ట్ 5 ముక్కలతోనే మొదలవుతుంది గానీ మిగతా 5 ఎప్పుడు అవసరమవుతాయో ముందే తెలియదు. ముక్కలన్నీ షీట్‌లో ఒకే మూల నుంచి కాకుండా మధ్య నుంచి, అంచుల నుంచి తీయాలి. ఏ ముక్క ఎక్కడిదో మూలన పెన్సిల్‌తో కాకుండా మార్కర్‌తో రాయండి, పెన్సిల్ గీతలో ఉన్నది గ్రాఫైట్, అది కరెంటును పోనిస్తుంది.

కోతకు డైమండ్ బ్లేడ్ మంచిది. బ్లేడ్ మొద్దుబారితే అంచు వేడెక్కి రెసిన్ మాడుతుంది, పొరలు విడిపోతాయి. అంచు నల్లగానో, తెల్లటి గీతలతోనో కనిపిస్తే ఆ ముక్కను పక్కన పెట్టండి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: కార్బన్ ఫైబర్ కోసిన మిషన్ మీద గ్లాస్ షీట్ కోయొద్దు. కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. దాని దుమ్ము నమూనా ఉపరితలం మీద పడితే ఫ్లాష్‌ఓవర్ ఎందుకొస్తోందో తెలియక రోజంతా తల పట్టుకోవాల్సి వస్తుంది. ఒకే షెడ్‌లో రెండు పనులూ జరిగే చోట మిషన్లు విడివిడిగా ఉండాల్సిందే.

కోసిన ముక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పీచు రాలని గుడ్డతో ఆరబెట్టి, ఆ తర్వాత గ్లవ్స్‌తోనే పట్టుకోవాలి. చెమట వేలిముద్రలో ఉప్పు ఉంటుంది. ఆపై కండిషనింగ్. సాధారణంగా 23 డిగ్రీలు, 50 శాతం తేమలో కనీసం 24 గంటలు ఉంచుతారు. హైదరాబాద్ ఏప్రిల్‌లో బయట అంత తేమ ఉండదు, విశాఖ ఆగస్టులో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. అందుకే ఏసీ గది ఒక్కటే చాలదు, తేమను కూడా పట్టి ఉంచే క్యాబినెట్ కావాలి. ఏసీ గదిలో రాత్రంతా పెట్టాం అంటే అది కండిషనింగ్ కాదు. కోతలో నీళ్ళు వాడినట్టయితే ముందు ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారాక కండిషనింగ్‌కి పెట్టాలి.

చివరగా మందం. మైక్రోమీటర్‌తో ఎలక్ట్రోడ్ కూర్చునే చోట కొలవాలి, అంచున కాదు. 3 మి.మీ. అని అమ్మే షీట్ ఒకచోట 2.9, ఇంకోచోట 3.1 ఉండటం మామూలే. మి.మీ.కి ఎన్ని కేవీ అని లెక్క వేసేటప్పుడు పేరుకున్న మందం వేస్తే తప్పు నేరుగా ఫలితంలోకి వస్తుంది.

నూనె, ఎలక్ట్రోడ్లు

గాలిలో ఈ టెస్ట్ చేయడం కుదరదు. మామూలు వాతావరణంలో ఒక సెంటీమీటర్ గాలి 30 కేవీ పీక్ చుట్టుపక్కల పోతుంది. షీట్ పోయేలోపే దాని మీదుగా నిప్పురవ్వలు అంచు చుట్టూ తిరిగి వస్తాయి. అందుకే నూనె. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ చాలు, కానీ శుభ్రంగా, పొడిగా ఉండాలి. ఐఈసీ 60156 పద్ధతిలో కొలిస్తే 2.5 మి.మీ. గ్యాప్‌లో కొత్త, శుద్ధి చేయని నూనెకే కనీసం 30 కేవీ రావాలి, శుద్ధి చేశాక 70 కేవీ రావాలి. ఈ టెస్ట్ తొట్టిలోకి శుద్ధి చేసిన నూనెనే పోయండి. సిలికాన్ రబ్బర్ నమూనాలు టెస్ట్ చేసేవాళ్ళు సిలికాన్ ఆయిల్ మాత్రం వాడొద్దు, రబ్బర్ దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది.

నూనె వాడినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. నూనె పర్మిటివిటీ (తన లోపల విద్యుత్ క్షేత్రాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 2.2, ఎపాక్సీ గ్లాస్‌ది 4.7 చుట్టుపక్కల. పై ఎలక్ట్రోడ్ గుండ్రటి అంచుకూ షీట్‌కూ మధ్య మిగిలే సన్నటి సందులో నూనె ఉంటుంది. ఆ సందులో విద్యుత్ క్షేత్రం షీట్ లోపలికన్నా రెట్టింపు పైనే ఉంటుంది. డిశ్చార్జ్ (చిన్న చిన్న నిప్పురవ్వలు) మొదలయ్యేది అక్కడే. అంచు మీద చిన్న గాటు పడినా, గుంట పడినా ఆ చోట ఇంకా ముందే మొదలవుతుంది. కాబట్టి ప్రతి షాట్ తర్వాత ఎలక్ట్రోడ్ తీసి వేలితో అంచు తడిమి చూడండి. నల్లటి మచ్చ ఉంటే తుడవాలి, గుంట పడితే సన్నటి ఎమరీతో పాలిష్ చేయాలి. పాలిష్ చేసీ చేసీ అంచు రేడియస్ మారిపోతే ఎలక్ట్రోడ్‌నే మార్చాలి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య బిందువులు ఒకే గీతలో, 2 మి.మీ. తేడా లోపు ఉండాలి.

నమూనాను నూనెలో దింపేటప్పుడు వాలుగా, ఒక అంచు ముందు మునిగేలా దింపండి. బల్లపరుపుగా దింపితే అడుగున గాలి బుడగ చిక్కుకుంటుంది. కింది బిళ్ళ మీద పెట్టాక కాస్త అటూ ఇటూ జరిపి, కొన్ని నిమిషాలు ఆగి, తర్వాతే పై ఎలక్ట్రోడ్ దింపాలి. 25 మి.మీ. స్టీల్ సిలిండర్ బరువు 100 గ్రాముల లోపే ఉంటుంది. ఆ సొంత బరువు మీదే అది కూర్చోవాలి, స్ప్రింగులతో బిగించి షీట్‌ని నొక్కకూడదు.

మిషన్ సెట్టింగులు

ట్రిప్ కరెంటు ఎంత పెట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. లెక్క వేసి చూస్తే సులువు. 25 మి.మీ. ఎలక్ట్రోడ్ కింద 3 మి.మీ. ఎఫ్‌ఆర్4 కెపాసిటెన్స్ సుమారు 7 పికోఫారడ్లు. 50 కేవీ, 50 హెర్ట్జ్ దగ్గర దాని గుండా పోయే కెపాసిటివ్ కరెంటు 0.1 మిల్లీఆంపియర్ పైచిలుకు, అంతే. వైర్లు, బుషింగ్ తాలూకు కరెంటు దానికన్నా ఎక్కువే ఉంటుంది. ట్రిప్ 1 మిల్లీఆంపియర్‌కి పెడితే అంచు దగ్గరి డిశ్చార్జ్‌కే పడిపోయి, పోని షీట్ పోయిందని రాసుకుంటారు. 40 మిల్లీఆంపియర్లకి పెడితే రంధ్రం మాడి బొగ్గయి, తర్వాత చూడ్డానికి ఆనవాలేమీ మిగలదు. ఇలాంటి షీట్‌కి 5 నుంచి 10 మధ్య పెట్టడం నాకు సబబనిపిస్తుంది. అయితే సోర్స్‌కి మాత్రం బ్రేక్‌డౌన్ దాకా 40 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సత్తా ఉండాలి. బలం లేని ట్రాన్స్‌ఫార్మర్‌లో డిశ్చార్జ్ మొదలవగానే వోల్టేజ్ తరంగం వంకరపోతుంది. తరంగంలో పీక్‌కీ (శిఖర విలువకీ) ఆర్‌ఎంఎస్‌కీ (ఒకరకం సగటు విలువకీ) నిష్పత్తి 1.34 నుంచి 1.48 మధ్య ఉండాలని స్టాండర్డ్ చెబుతుంది. షీట్‌ని పోగొట్టేది పీక్, మీటర్ చూపేది ఆర్‌ఎంఎస్, అందుకే ఈ పట్టింపు.

వోల్టేజ్‌ని హెచ్‌వీ వైపే డివైడర్‌తో (పెద్ద వోల్టేజ్‌ని తెలిసిన నిష్పత్తిలో తగ్గించి చూపే పరికరంతో) కొలవండి. ఎల్‌వీ (లో వోల్టేజ్) వైపు కొలిచి టర్న్స్ రేషియోతో గుణించే పాత సెట్లు కొన్నిచోట్ల ఇంకా నడుస్తున్నాయి. కెపాసిటివ్ లోడ్ ఉన్నప్పుడు అసలు వోల్టేజ్ ఆ లెక్క కన్నా ఎక్కువ ఉంటుంది. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ కూడా ఒకసారి చూసుకోండి.

పెంచే వేగం: షార్ట్ టైమ్ టెస్టులో సున్నా నుంచి మొదలుపెట్టి ఒకే వేగంతో పెంచాలి, బ్రేక్‌డౌన్ 10 నుంచి 20 సెకన్ల మధ్య పడాలి. 50 కేవీ వస్తుందని అంచనా ఉంటే సెకనుకు 3 కేవీ చొప్పున పెంచితే 17 సెకన్ల దగ్గర పడుతుంది. అంచనా లేకపోతే ఒకటి రెండు ముక్కలు దీనికే కేటాయించండి. వాటి ఫలితాల్ని లెక్కలో కలపకండి.

షాట్

తలుపు మూసి, ఎర్త్ రాడ్ తీసినట్టు రెండోసారి చూసుకుని, రెండో మనిషికి గట్టిగా చెప్పి మొదలుపెట్టండి. 20 కేవీ దాటాక సన్నటి చిటపటలు వినిపించొచ్చు. అది అంచు దగ్గర నూనెలో డిశ్చార్జ్, బ్రేక్‌డౌన్ కాదు. అసలుది వచ్చినప్పుడు టప్పుమని గట్టి చప్పుడు, నూనెలో వెలుగు, ట్రిప్, మూడూ ఒకేసారి వస్తాయి. మీటర్‌లో నిలిచిన అంకెను వెంటనే రాసుకోండి.

అది నిజంగా పంక్చరేనా అన్నది తేల్చడానికి నమూనాను కదపకుండా అదే చోట మళ్ళీ వోల్టేజ్ పెంచండి. పంక్చరయితే ఈసారి చాలా తక్కువలోనే ట్రిప్ పడుతుంది. మొదటిసారి వచ్చినంతా మళ్ళీ తట్టుకుంటే ఆ మొదటిది నూనెలోనో, ఉపరితలం మీదో జరిగిన ఫ్లాష్‌ఓవర్. ఆ అంకె చెల్లదు.

రంధ్రాన్ని చదవడం

నా దృష్టిలో ఈ టెస్ట్‌లో విలువైన సమాచారమంతా ఇక్కడే ఉంది. ల్యాబ్‌లలో తక్కువ సమయం కేటాయించేదీ దీనికే. రంగు కలపని ఎఫ్‌ఆర్4 లేత ఆకుపచ్చలో వెలుతురు పారేలా ఉంటుంది. నూనె తుడిచి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకుంటే చాలావరకు కథ తెలిసిపోతుంది.

రంధ్రం పై ఎలక్ట్రోడ్ అంచు వలయం మీద పడితే అది ఊహించినదే. అక్కడ క్షేత్రం ఎక్కువని పైన చెప్పాను. ఎలక్ట్రోడ్ అడుగున మధ్యలో పడితే షీట్‌లో లోపం ఉందని అనుమానించాలి: గాలి బుడగ, రెసిన్ తక్కువైన చోటు, చెత్త. 5 ముక్కల్లో 3 మధ్యలో పోయాయంటే అంకెలు బాగున్నా ఆ లాట్‌ని నేను తేలిగ్గా తీసుకోను. అంచు వలయం నుంచి కొన్ని మి.మీ. బయట పడితే ఉపరితలం మీద పాకిన డిశ్చార్జ్ షీట్‌ని తిని లోపలికి దిగిందన్నమాట. నూనె శుభ్రతను, తేమను చూడండి. రంధ్రమే లేకుండా షీట్ అంచు దాకా నల్లటి గీత ఉంటే అది ఫ్లాష్‌ఓవర్, ముక్క మార్చి మళ్ళీ చేయాలి.

ఒక్కోసారి పైన రంధ్రం ఒకచోట, కింద ఇంకోచోట ఉంటుంది. మధ్యలో నల్లటి దారి పొరల వెంట అడ్డంగా నడిచినట్టు వెలుతురులో కనిపిస్తుంది. చుట్టూ తెల్లటి మబ్బులాంటి మచ్చ ఉంటుంది. పొరల మధ్య అతుకు బలహీనంగా ఉందని దానర్థం. గాజు పోగుకీ రెసిన్‌కీ మధ్య పట్టు సరిగ్గా లేకపోయినా, ప్రెస్‌లో ఒత్తిడి తగ్గినా, ప్రీప్రెగ్ (రెసిన్ పట్టించి, ఇంకా ప్రెస్ చేయని గాజు గుడ్డ) తేమ పీల్చినా ఇలా జరుగుతుంది. అలాంటి ముక్కని సన్నటి రంపంతో రంధ్రం మీదుగా కోసి, నీటి ఎమరీతో పాలిష్ చేసి, 10 రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే ఏ పొర దగ్గర దారి మళ్ళిందో తెలుస్తుంది. సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు కేవీ కన్నా ఆ ఫొటోకే జవాబు త్వరగా వస్తుంది.

బుడగల గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఈ టెస్ట్ వాటిని దాచేస్తుంది. 0.1 మి.మీ. మందమున్న బల్లపరుపు గాలి బుడగ షీట్ మధ్యలో ఉందనుకోండి. దానిలో క్షేత్రం చుట్టూ ఉన్న రెసిన్‌లోకన్నా 4.7 రెట్లు. అంత సన్నటి గాలి పొర మి.మీ.కి సుమారు 8.5 కేవీ పీక్ దగ్గరే పోతుంది. వెనక్కి లెక్క వేస్తే 3 మి.మీ. షీట్ మీద 4 కేవీ ఆర్‌ఎంఎస్ చుట్టుపక్కలే ఆ బుడగలో పార్షియల్ డిశ్చార్జ్ (షీట్ మొత్తం పోకుండా లోపలే జరిగే చిన్న డిశ్చార్జ్) మొదలవుతుంది. అదే షీట్ బ్రేక్‌డౌన్ టెస్టులో మాత్రం 50 కేవీ దాకా దర్జాగా నిలబడొచ్చు, ఎందుకంటే పదిహేడు సెకన్లలో డిశ్చార్జ్‌కి రెసిన్‌ని తినేంత సమయం దొరకదు. సర్వీసులో ఏళ్ళ తరబడి దొరుకుతుంది. కాబట్టి 11 కేవీ పరికరంలో వాడే భాగానికి బ్రేక్‌డౌన్ రిపోర్టు ఒక్కటి చూసి ఓకే చెప్పొద్దు, పార్షియల్ డిశ్చార్జ్ టెస్ట్ విడిగా అడగండి.

5 అంకెలతో ఏం చేయాలి

ఐఈసీ పద్ధతిలో సగటు కాదు, మీడియన్ తీసుకుంటారు. ఉదాహరణకు 47, 51, 49, 38, 52 కేవీ వచ్చాయనుకుందాం. వరసలో పెడితే మధ్యది 49. ఏ ఫలితమైనా మీడియన్‌కి 15 శాతం కన్నా దూరంగా ఉంటే ఇంకో 5 ముక్కలు చేయాలి. 49లో 15 శాతం తీస్తే 41.65. మన 38 దానికి కిందే ఉంది. ఇప్పుడు ఆ 38ని ఏదో తేడా కొట్టిందని కొట్టేసి, ఇంకో ముక్క చేసి 50 రాసుకోవాలనిపిస్తుంది. అలా చేయకూడదు. కంపోజిట్‌లో ఆ 38 నిజమైన సమాచారం. ఇంకో 5 చేశాక 50, 46, 53, 48, 50 వస్తే, 10 అంకెల మీడియన్ 49.5 కేవీ. కొలిచిన మందం 3.05 మి.మీ. అయితే మి.మీ.కి 16.2 కేవీ. 38 రిపోర్టులో కనిపించి తీరాలి, ఆ ముక్క రంధ్రం ఎక్కడ పడిందన్న వాక్యంతో సహా.

డిజైన్ వాళ్ళకి మీడియన్ కన్నా కింది తోక, అంటే అన్నిటికన్నా తక్కువ వచ్చే అంకెలు, ముఖ్యం. వాళ్ళ కోసం వైబుల్ గ్రాఫ్ (ఎన్ని కేవీలోపు ఎంత శాతం ముక్కలు పోతాయో చూపే గ్రాఫ్) గీయొచ్చు. అంకెల్ని చిన్నది నుంచి పెద్దదికి వరసలో పెట్టి, ప్రతిదానికీ (వరస సంఖ్య − 0.44) / (మొత్తం + 0.25) అన్న విలువ కడతారు. పదింటిలో మొదటిదైన 38కి అది 5.5 శాతం. గీత 63.2 శాతాన్ని దాటే చోటి కేవీని స్కేల్ విలువ అంటారు, గీత వాలుని షేప్ విలువ అంటారు. వాలు నిటారుగా ఉంటే లాట్ నిలకడగా ఉన్నట్టు. మీడియన్ ఒకటే వచ్చిన రెండు సప్లయర్ల మధ్య తేల్చుకోవాలంటే నేను వాలు చూస్తాను.

ఒక హెచ్చరిక: 3 మి.మీ.కి వచ్చిన 16.2ని 6 మి.మీ. షీట్‌కో, 1 మి.మీ. షీట్‌కో వర్తింపజేయొద్దు. మందం రెట్టింపయితే బ్రేక్‌డౌన్ వోల్టేజ్ రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. డేటాషీట్‌లో గొప్ప అంకె కనిపిస్తే ముందు ఏ మందానికో చూడండి.

వేడి నూనెలో, మెట్లు మెట్లుగా

లామినేట్ షీట్లకు కస్టమర్లు ఎక్కువగా అడిగేది 90 డిగ్రీల నూనెలో 20 సెకన్ల స్టెప్ టెస్ట్. మొదలు షార్ట్ టైమ్ అంచనాలో 40 శాతం దగ్గర. 50 కేవీ అంచనా అయితే 20 కేవీ. అక్కడ 20 సెకన్లు ఆగి 22, తర్వాత 24, 26, 28, 30, ఇలా 50 దాకా రెండేసి కేవీ, ఆపైన అయిదేసి. మెట్టు మారేటప్పుడు త్వరగా మార్చాలి, మీటర్ పైకి దూకి వెనక్కి రాకూడదు. 46 దగ్గర పోయిందనుకోండి, ఫలితం 46 కాదు. 20 సెకన్లు పూర్తిగా తట్టుకున్న చివరి మెట్టు 44, అదే రాయాలి. చాలా రిపోర్టుల్లో ఇక్కడే రెండు కేవీ ఎక్కువ పడుతుంది. ఆరు మెట్లు కూడా ఎక్కకుండా పోతే మొదలుపెట్టిన వోల్టేజ్ ఎక్కువైందని అర్థం, కింది నుంచి మొదలుపెట్టి కొత్తగా 5 ముక్కలు చేయాలి.

నమూనా మొత్తం 90 డిగ్రీలకు చేరేదాకా నూనెలో ఉంచాలి, నూనె థర్మామీటర్ 90 చూపగానే మొదలుపెట్టొద్దు. వేడిలో ఫలితం గది ఉష్ణోగ్రత కన్నా తగ్గుతుంది. రెసిన్ సరిగ్గా క్యూర్ కాని (గట్టిపడని) షీట్‌లో ఆ తగ్గుదల బాగా ఎక్కువ. గదిలో బాగుండి 90 దగ్గర కుప్పకూలిన షీట్ అంటే ముందు క్యూరింగ్‌నే అనుమానించండి.

పొరల వెంట

ఇప్పటిదాకా చెప్పిందంతా పొరలకు అడ్డంగా, అంటే మందం గుండా చేసే టెస్ట్. బోల్టు రంధ్రాల మధ్య పొరల వెంట పోవడం వేరే కథ. దానికి షీట్‌లో 25 మి.మీ. దూరంలో రెండు రంధ్రాలు చేసి టేపర్ పిన్నులు దించుతారు, వాటి మధ్య వోల్టేజ్ పెడతారు. ఈ దిశలో కరెంటుకి గాజు పోగుల ఉపరితలమే దారి. నీళ్ళు చేరితే ఆ దారి తెరుచుకున్నట్టే. అందుకే అమెరికా పద్ధతిలో ముక్కల్ని 50 డిగ్రీల నీళ్ళలో 48 గంటలు నానబెట్టి కూడా చేస్తారు. పొడిగా ఉన్నప్పటి విలువకీ నానాక వచ్చిన విలువకీ తేడా చూస్తే గాజుకీ రెసిన్‌కీ మధ్య పట్టు ఎలా ఉందో తెలిసిపోతుంది. ట్యాప్ చేంజర్ బోర్డులు, టెర్మినల్ బోర్డులు చేసేవాళ్ళకి మందం గుండా వచ్చే అంకె కన్నా ఇదే పనికొస్తుంది. రంధ్రాలు కొత్త డ్రిల్ బిట్‌తో చేయాలి, చిట్లిన రంధ్రంతో వచ్చిన ఫలితం షీట్‌ది కాదు.

ఇన్సులేటర్ రాడ్ సంగతి

కంపోజిట్ ఇన్సులేటర్ లోపలి ఫైబర్‌గ్లాస్ రాడ్‌కి ఐఈసీ 62217లో రెండు టెస్టులున్నాయి. మొదటిది రంగు పాకే టెస్ట్: 10 మి.మీ. పొడవు ముక్కల్ని చిన్న గాజు గోళీల పొర మీద నిలబెట్టి, మిథనాల్‌లో ఒక శాతం ఫ్యూక్సిన్ కలిపిన రంగు నీళ్ళు గోళీల పైకి 2, 3 మి.మీ. వచ్చేలా పోస్తారు. 15 నిమిషాల్లో రంగు ముక్క పైకి పాకి కనిపించకూడదు. రెండోదానికి 30 మి.మీ. ముక్కల్ని 0.1 శాతం ఉప్పు కలిపిన డీఅయొనైజ్డ్ నీళ్ళలో 100 గంటలు ఉడికిస్తారు. తర్వాత మామూలు నీళ్ళలో చల్లార్చి, పైపైన తుడిచి, 3 గంటలు గడవకముందే సెకనుకు ఒక కేవీ చొప్పున 12 కేవీకి తీసుకెళ్ళి నిమిషం ఉంచుతారు. పంక్చర్, ఫ్లాష్‌ఓవర్ రాకూడదు, కరెంటు ఒక మిల్లీఆంపియర్ దాటకూడదు. ఇక్కడ ఎంత దాకా తట్టుకుంటుందని చూడరు, పాసా ఫెయిలా అంతే. పూర్తి ఇన్సులేటర్‌కి భారీ వోల్టేజ్ టెస్టులు కావాలంటే హైదరాబాద్‌లోని సీపీఆర్‌ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) అల్ట్రా హై వోల్టేజ్ ల్యాబ్ లాంటి చోటికి వెళ్ళాల్సిందే. ముక్కల టెస్టులకు 100 కేవీ సెట్ చాలు.

రిపోర్టు

షీట్ రకం, లాట్ నంబర్, ఒక్కో ముక్క కొలిచిన మందం, కండిషనింగ్, నూనె రకం, దాని ఉష్ణోగ్రత, దాని సొంత బ్రేక్‌డౌన్ విలువ, ఎలక్ట్రోడ్ కొలతలు, పెంచిన వేగం లేదా మెట్లు, ట్రిప్ సెట్టింగ్, ఒక్కో ముక్క కేవీ, రంధ్రం చోటు. చెల్లని షాట్లు ఎన్ని, ఎందుకు చెల్లలేదు అన్నది కూడా రాయండి. పంక్చరైన ముక్కల్ని నూనె తుడిచి, నంబర్ వేసి, ఒక కవర్‌లో ఆ లాట్ భాగాలన్నీ డెస్పాచ్ అయ్యి కస్టమర్ గడువు తీరేదాకా ఉంచండి. బయటి ల్యాబ్ అంకె మీతో కలవకపోతే మళ్ళీ షీట్ కోయడానికి ముందు ఈ కవర్, ఆ ల్యాబ్ ముక్కలు పక్కపక్కన పెట్టి రంధ్రాలు ఎక్కడెక్కడున్నాయో చూడండి.